బెలుం గుహలకు పోయే ముందు ఇది చదువు తల్లీ

తల్లీ,

సంక్రాంతి సెలవులకు పిల్లల్నీ మీ అత్తగారినీ తీసుకుని బెంగళూరు నుంచి వస్తున్నామని, ఒక పూట బెలుం గుహలు చూపించాలని ఉందని నువ్వు పెట్టిన మెసేజ్ చూశాను. "ఎంతసేపు పడుతుంది పెద్దమ్మా, గంటలో అయిపోతుందా, మధ్యాహ్నానికి గండికోట పోవచ్చా" అని అడిగావు చూడు, దానికి ఒక్క ముక్కలో జవాబు ఇవ్వడం నా వల్ల కాలేదు. అందుకే కూర్చుని ఇంత పొడుగు రాస్తున్నా. గంటలో అవుతుంది. గంటలో తిరిగేసి బయటికి వచ్చేవాళ్ళే ఎక్కువ. అలా పోతే మాత్రం మీకు మిగిలేది రంగు లైట్ల కింద తీసుకున్న పది ఫోటోలు, ఒంటినిండా చెమట, అంతే. దానికోసం పిల్లల్ని భూమి లోపలికి దించాల్సిన పని లేదు. ఆ రోజు బెలుంకే ఇచ్చెయ్యి. గండికోట ఇంకో రోజు. పెన్నా ఎక్కడికీ పోదు.

ముప్పై ఏళ్ళు సైన్సు టీచరుగా చేశాను కదా, ఎన్ని బ్యాచ్‌ల పిల్లల్ని అక్కడికి తీసుకెళ్ళానో లెక్క లేదు. ప్రతిసారీ ఏదో ఒకటి కొత్తగా నేర్చుకున్నాను, గుహ గురించి కొంత, పిల్లల గురించి ఎక్కువ. అదంతా నీకు చెప్పాలని ఉంది.

ముందు టైము సంగతి. మా తాడిపత్రి నుంచి బెలుం ముప్పై కిలోమీటర్లు ఉంటుంది, కొలిమిగుండ్ల మీదుగా. గేటు తీసేది పదింటికి. పది కొట్టేసరికి మీరు టికెట్ కౌంటర్ దగ్గర ఉండాలి. పదకొండున్నర దాటితే బస్సులు దిగుతాయి, ఆ తర్వాత లోపల ఒకరి వీపు చూసుకుంటూ ఇంకొకరు నడవడమే. కనుమ రోజు, ఆదివారం అసలు పెట్టుకోవద్దు. సెలవుల్లోనే మామూలు పనిదినం ఒకటి చూసుకో. జనవరి కాబట్టి బయట ఎండ బాధ లేదు, కానీ లోపలికి చలికోట్లు వేసుకుని రావద్దు. గుహ అంటే చల్లగా ఉంటుందని మీ బెంగళూరు వాళ్ళకు ఒక అభిప్రాయం. బెలుం లోపల వెచ్చగా, ఉక్కగా ఉంటుంది. దిగిన పది నిమిషాలకే చెమట పడుతుంది, కళ్ళద్దాలు మసకబారతాయి. అల్లుడికి జేబులో ఒక మెత్తటి గుడ్డ పెట్టుకోమని చెప్పు. అందరూ పల్చటి నూలు బట్టలు వేసుకోండి, కాళ్ళకు పట్టు ఉన్న బూట్లు. చిన్నదానికి ఆ మెరుపుల చెప్పులు వద్దు, ఎంత ఏడ్చినా సరే. తడి ఉన్న చోట జారిందంటే మోకాలు రాయికే తగులుతుంది. లోపలికి పోయే ముందే అందరూ బాత్రూముకు పోయి రండి, లోపల ఎక్కడా అవకాశం ఉండదు. తలా ఒక నీళ్ళ సీసా. తినేవేవీ లోపలికి వద్దు, ఒక్క బిస్కెట్ ముక్క కూడా.

ఇప్పుడు అసలు మాట. గుహను చూడటం మా ఇంట్లోనే మొదలుపెట్టాలి, ముందు రోజు రాత్రి. నవ్వకు, నిజంగానే చెప్తున్నా. మా ఇంట్లో నువ్వు చిన్నప్పుడు బోర్లా పడుకుని హోంవర్క్ రాసుకున్న నల్లటి బండలు గుర్తున్నాయా, ఎండాకాలం కూడా పొట్టకు చల్లగా తగిలేవి? అవి నాపరాళ్ళు. కొలిమిగుండ్ల చుట్టూ, బేతంచెర్ల చుట్టూ గనుల్లో తీసి, పాలిష్ పట్టి ఊరూరికీ పంపే రాయి ఇదే. బెలుం గుహ ఉన్నది కూడా ఇలాంటి నల్ల సున్నపురాయిలోనే. పిల్లలు ఏ రాయి మీద కూర్చుని అన్నం తింటారో, మర్నాడు ఆ రాయి కడుపులోకే నడిచి పోతారు. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే వాళ్ళు గుహను చూసే చూపే మారిపోతుంది.

పెరట్లో పగిలిన బండ ముక్క ఒకటి ఉంచాను. దాన్ని గీకి కొంచెం పొడి చేసి, దాని మీద నిమ్మకాయ పిండి, దగ్గర కూర్చుని చూడమని పెద్దోడికి చెప్తా. సన్నసన్నగా బుడగలు వస్తాయి. పులుపు ఆ రాయిని తింటోందన్న మాట. వంటింటి బండ మీద నిమ్మచెక్క రాత్రంతా వదిలేస్తే పొద్దున్నకు మచ్చ పడుతుంది చూడు, అదీ ఇదే. ఇక గుహ ఎట్లా తయారైందో వాడికి సగం అర్థమైనట్టే. వాన నీరు గాలిలోంచి కొంచెం, నేలలో చెట్ల వేళ్ళు, క్రిములు వదిలే దాంట్లోంచి ఇంకా ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ కలుపుకుని కొద్దిగా పుల్లబడుతుంది. నిమ్మరసంతో పోలిస్తే దాని పులుపు ఏపాటిది, నాలుకకు తెలియను కూడా తెలియదు. కానీ దానికి తొందర లేదు. రాతి నెర్రెల్లోకి దిగి, వేలు పట్టేంత సందును చెయ్యి పట్టేంత చేసి, చెయ్యి పట్టేదాన్ని మనిషి పట్టేంత చేసి, లక్షల ఏళ్ళలో కిలోమీటర్ల పొడుగున దారి తొలిచింది. ఉండవల్లికి మీరు పోయినేడు పోయారు కదా, అక్కడ ఉలి పట్టుకుని మనుషులు చెక్కారు. ఇక్కడ చెక్కింది నీళ్ళు.

మరి పైనుంచి వేలాడే ఆ రాళ్ళేమిటి అని అడుగుతాడు. దానికి గోలీసోడా ఉంది. సోడాలో గ్యాస్ నీళ్ళలో కరిగి దాక్కుని ఉంటుంది, గోలీ లోపలికి నొక్కగానే బుస్సుమని బయటికి వస్తుంది కదా. రాయిని కరిగించుకుని దిగిన నీటి బొట్టు గుహ కప్పు దగ్గర గాలి తగలగానే అదే పని చేస్తుంది, దాంట్లోని గ్యాస్ వెళ్ళిపోతుంది. గ్యాస్ పోయాక ఆ నీళ్ళు సున్నాన్ని మోయలేవు. కనుక వెంట్రుక మందం కూడా లేని పొరను అక్కడే వదిలి కింద పడతాయి. మళ్ళీ ఇంకో బొట్టు, ఇంకో పొర. మా బోరునీళ్ళకు గీజర్ రాడ్ మీద తెల్లటి పెచ్చు కడుతుంది చూశావా, ఆ పెచ్చుకూ గుహలో మర్రి ఊడల్లా వేలాడే ఈ రాళ్ళకూ చుట్టరికం ఉంది, వీటిని నేను ఊడలనే అంటా. పైనుంచి దిగేది స్టాలక్టైట్, బొట్టు పడ్డ చోట కిందినుంచి లేచేది స్టాలగ్మైట్, రెండూ కలిస్తే స్తంభం. ఈ పేర్లు వాడి పుస్తకంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి, బట్టీ పట్టించవద్దు. అవి పెరిగే తీరు మాత్రం చెప్పు. మామూలుగా ఒక సెంటీమీటరుకు వందేళ్ళ చొప్పున లెక్క వేసుకోవచ్చు, కొన్ని ఇంకా నిదానం. వాడి అరచేయి పొడుగున్న ఊడ, విజయనగర రాజులు పుట్టకముందే మొదలై ఉంటుందని చెప్పి చూడు, ఏం ముఖం పెడతాడో.

అక్కడికి చేరాక మీకు కొండ కోసం వెతకాలనిపిస్తుంది. కొండేమీ ఉండదు. చుట్టూ చదునైన చేలు. మధ్యలో బావుల్లా గుంతలు, వాటిలో నడిమి దాంట్లోంచి మెట్లు దిగాలి. బెలుం అనే పేరు బిలం నుంచి వచ్చిందంటారు, ఆ గుంత ముందు నిలబడితే ఆ మాట నిజమేననిపిస్తుంది. దిగేటప్పుడు పరుగెత్తనివ్వకు. కింద అడుగు పెట్టగానే గైడ్ నడవబోతాడు, ఆయన్ని మర్యాదగా "రెండు నిమిషాలు ఆగండి అన్నా" అని అడుగు. ఎండలోంచి వచ్చిన కళ్ళు చీకటికి అలవాటు పడాలి. అప్పుడు వెనక్కి తిరిగి పైకి చూడమను పిల్లల్ని. దిగి వచ్చిన ఆ బిలం గుండా ఆకాశం ముక్క ఒకటి కనపడుతుంది, గోడల్లో రాయి పొరలు పొరలుగా, నాపరాయి బండలు దొంతర పేర్చినట్టు ఉంటుంది. ముందు రోజు చూసిన బండ అంచును గుర్తు చెయ్యి. ఎవరో ఒకరు "మన ఇంటి రాయి!" అని అరుస్తారు. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు అరిచారు నాకు.

గుహ మొత్తం పొడవు 3,229 మీటర్లు, మనల్ని తిరగనిచ్చేది ఒకటిన్నర కిలోమీటర్లు. దీని గురించి 1884లోనే రాబర్ట్ బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాశాడు. ఆ తర్వాత దాదాపు వందేళ్ళు ఎవరికీ పట్టలేదు. 1982, 83లో గెబావర్ అనే జర్మన్ తన బృందంతో వచ్చి లోపలంతా పాకి, కొలిచి, పటం గీశాడు. అప్పటికి చుట్టుపక్కల చెత్త తెచ్చి పోసేది ఈ గుంతల్లోనేనమ్మా. దాన్ని బాగు చేయించాలని ఊరివాళ్ళు తిరిగారు, ప్రభుత్వం రక్షిత ప్రదేశం చేసింది, తర్వాత టూరిజం శాఖ బురద ఎత్తించి, దారులు వేసి, దీపాలు పెట్టి, గాలి గొట్టాలు దింపి 2002లో జనానికి తెరిచింది. ఈ కథ పిల్లలకు తప్పకుండా చెప్పు. ఈ దారి వాళ్ళకు ఊరికే రాలేదు.

నడిచేటప్పుడు గైడ్ పేర్లు చెప్తూ పోతాడు. ఇది సింహద్వారం, ఇది ధ్యాన మందిరం, ఇది కోటిలింగాలు, ఇవి వెయ్యి పడగలు, ఇదిగో ఊడలమర్రి అని. పేర్లు బాగుంటాయి, నాకు ఇష్టమే, మన జనం రాయిని చూసి ఏమనుకున్నారో ఆ పేర్లలో ఉంది. కాకపోతే పేరు ముందు చెవిన పడితే పిల్లలు చూడటం మానేస్తారు. సింహం అనగానే సింహం కనపడేసింది, ఇక పద అంటారు. అందుకని గది రాగానే, ఆయన చెప్పకముందే, "నీకు ఏం కనపడుతోంది" అని చిన్నదాన్ని అడుగు. నా క్లాసు పిల్ల ఒకతి ఆ మర్రిచెట్టు స్తంభం ముందు చాలాసేపు నిలబడి, "టీచర్, మా అమ్మ జడ విప్పుకుని ఆరబెట్టుకుంటున్నట్టు ఉంది" అంది. అదేం గొప్ప మాట! ఊడలు జారిన తీరు, ఒకదాన్ని ఒకటి పట్టుకున్న తీరు, చివర్లు సన్నబడ్డ తీరు అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. ఆ తర్వాత గైడ్ మర్రి అన్నాడు, అదీ బాగానే ఉంది అంది.

గోడలు కూడా చూడండి, కప్పునే కాదు. ఎవరూ చూడరు వాటిని. టార్చి గోడకు ఎదురుగా కాకుండా పక్కనుంచి, గోడను రాసుకుంటూ పోయేటట్టు పట్టుకోమని పెద్దోడికి చెప్పు. రాయి మీద అలలు అలలుగా నునుపైన వంపులు నీడలతో లేస్తాయి. ఏటి ఒడ్డున ఇసుకలో నీళ్ళు వదిలిన గీతల్లాంటివి. ఆ దారినిండా ఒకప్పుడు నీళ్ళు పారాయి. అందుకు సాక్ష్యం మన భుజం ఎత్తులో ఉంటుంది, అందరూ కోటిలింగాల ఫోటో కోసం దాన్ని దాటుకుంటూ పోతారు.

కోటిలింగాల దగ్గర మీ అత్తగారు చేతులు జోడిస్తారు. జోడించనీ, కాసేపు నిలబడనీ, తొందర పెట్టవద్దు. వేలకొద్దీ లింగాల ఆకారాలు కప్పునుంచి వేలాడుతుంటే భక్తి ఉన్నవాళ్ళకు మనసు నిండదా మరి. కానీ పసుపు, కుంకుమ, పూలు, కర్పూరం మాత్రం సంచిలో పెట్టుకుని రానివ్వకు. ఇంటి దగ్గరే మెల్లగా చెప్పు, అక్కడ నలుగురిలో చెప్తే చిన్నబుచ్చుకుంటారు. కర్పూరం పొగ ఆ రాయికి పట్టిందంటే వదలదు, గాలి కదలని చోటు కదా. "దండం పెట్టుకుంటే చాలు అత్తమ్మా, అభిషేకం పైనుంచి ఆయనే చేయించుకుంటున్నాడు" అని చెప్పు. నేను మా అమ్మకు అలాగే చెప్పాను, ఆమెకు ఆ మాట ఎంత నచ్చిందో, ఊరంతా చెప్పుకుంది.

ముట్టుకోవద్దు. ఇది నేను ఎన్నిసార్లు చెప్పినా తక్కువే. మన చేతికి చెమట, నూనె ఉంటాయి. అవి రాయికి అంటితే తర్వాత వచ్చే బొట్టు తెచ్చిన సున్నం అక్కడ సరిగ్గా పట్టుకోదు, మురికి పట్టి నల్లబడుతుంది, ఆ చోట పెరుగుదల ఆగిపోతుంది. దారి పక్కన చేతికి అందే ఎత్తులో ఉన్న ఊడలు నల్లగా, జిడ్డుగా ఉండటం, అందని ఎత్తులో ఉన్నవి తేటగా ఉండటం మీరే చూస్తారు. పిల్లలకు ఆ తేడా చూపించు, వద్దు అని అరవడం కంటే అది బాగా పనిచేస్తుంది.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో, గుహలు ఇంకా తెరవక ముందు, తెలిసినాయన ఒకరు వేలెడు ఊడ ముక్క తెచ్చి నా చేతిలో పెట్టారు. "సైన్సు టీచర్ కదా, క్లాసులో చూపించుకో" అన్నారు. నేను సంబరపడి తీసుకున్నాను. చాలా ఏళ్ళు దాన్ని బల్ల మీద పెట్టుకుని పాఠం చెప్పాను. విరిగిన చివర చూస్తే నడుమ సూది దూరేంత బెజ్జం, దాని చుట్టూ ఉల్లిపాయ కోసినట్టు వలయాలు, కొన్ని తెల్లగా, కొన్ని లేత గోధుమ రంగులో. బొట్టు దిగిన దారి ఆ బెజ్జం. ఒకరోజు ఒక పిల్లాడు "ఇది ఇప్పుడు పెరుగుతుందా టీచర్" అని అడిగాడు. పెరగదురా అన్నాను. "మరి దీన్ని ఎవరు చంపారు" అన్నాడు. ఆరో క్లాసు పిల్లాడు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. అది నా చేతికి వచ్చే లోపు ఎన్ని వందల ఏళ్ళు బొట్టు బొట్టుగా దిగిందో, ఎవరో ఒక్క గుంజుడులో తెంపారు, నేను మురిసిపోతూ తీసుకున్నాను. ఆ తర్వాత దాన్ని ఇంకో పాఠం చెప్పడానికే వాడాను. ఇప్పటికీ బీరువాలో ఉంది, మీవాళ్ళకు చూపిస్తా. బయట ఎవరైనా గుహ రాయి అని చేతిలో పెట్టి అమ్మబోతే కొనవద్దు తల్లీ, ఎంత ముద్దుగా ఉన్నా సరే. ఎక్కడి నుంచి తెంపారో మనకు తెలియదు.

సప్తస్వరాల గది దగ్గర ఇంకో పరీక్ష ఉంటుంది. అక్కడి ఊడల్ని తడితే కంచు మోగినట్టు మోగుతాయి, ఒక్కోటి ఒక్కో స్వరంలో. వినాల్సిందే, నేను వద్దనను. కానీ ఆ గదిలోకి పోయిన ప్రతివాళ్ళూ తలా ఒక దెబ్బ వేయాలనుకుంటే రాయి ఎన్నాళ్ళు నిలుస్తుంది? గైడ్ ఒక్కసారి వేలి మెటికతో తట్టి చూపిస్తే, పిల్లలు కళ్ళు మూసుకుని మోత పూర్తిగా ఆగేదాకా వినాలి. అలా వింటేనే అది ఎంతసేపు నిలుస్తుందో తెలుస్తుంది. వరసగా డబడబా కొడితే అదీ లేదు.

మీ అత్తగారి మోకాళ్ళ సంగతి మర్చిపోలేదు. ఆమెకు బీపీ కూడా ఉంది కదా. అక్కడ కొన్ని చోట్ల నడుం వంచి నడవాలి, కొన్ని చోట్ల ఇద్దరు పక్కపక్కన పోలేరు, పాతాళగంగకు దిగాలంటే మెట్లు ఉన్నాయి. గాలి గొట్టాల దగ్గర కాసేపు నిలబడితే ఊపిరి తేలికవుతుంది, ప్రతి గొట్టం దగ్గరా ఆపి నిమిషం నిలబెట్టు. నా సలహా అయితే, ఆమెను ధ్యాన మందిరం దాకా తీసుకెళ్ళండి. అది ముందువైపే ఉంది. రాయి పరుపులా, తలగడలా అమరి ఉంటుంది, ఋషులు ఉండేవారని ఇక్కడి నమ్మకం, బౌద్ధ భిక్షువులు ఉన్నారని అక్కడ దొరికిన వస్తువులను బట్టి చెప్తారు. ఓపిక ఉంటే కోటిలింగాలు. అక్కడి నుంచి నేను ఆమెతో వెనక్కి వచ్చేస్తా, పైన చెట్టు కింద కూర్చుంటాం, బుద్ధుడి విగ్రహం దగ్గరికి పోయి చూస్తాం, మాకు మాటలు బోలెడు ఉన్నాయి. ఎవరికైనా, నీకైనా సరే, ఛాతీ బిగిసినట్టు, తల తిరిగినట్టు అనిపిస్తే "ఇంత దూరం వచ్చాం కదా" అని మొండిగా ముందుకు పోవద్దు. వెంటనే గైడ్‌కు చెప్పి వెనక్కి తిరగండి. టెన్షన్ పడాల్సిన పని లేదు, సిగ్గు పడాల్సిన పని అంతకన్నా లేదు.

పాతాళగంగ దాకా మాత్రం పిల్లలు పోవాలి. గుహలో అన్నిటికంటే లోతు అదే, నేల మట్టం నుంచి 46 మీటర్ల కింద. చిన్న ధార, ఎప్పుడూ పారుతూ ఉంటుంది, పారి పారి రాతిలోకి దూరి మాయమైపోతుంది. రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బెలుం ఊరి బావిలోకి పోతుందని ఇక్కడి వాళ్ళు అంటారు. సున్నపురాయి సీమ ఇట్లాగే ఉంటుందమ్మా, నీళ్ళు పైన కనపడవు, కిందనే దారులు చేసుకుని ఎక్కడో మునుగుతాయి, ఎక్కడో తేలతాయి. తేలిన చోటును మనం బుగ్గ అంటాం. మా ఊరి రామలింగేశ్వరుణ్ణి బుగ్గ రామలింగేశ్వరుడని ఎందుకు పిలుస్తారో నువ్వు చిన్నప్పుడు అడిగావు, లింగం దగ్గర ఎప్పుడూ నీళ్ళు ఊరుతూ ఉంటాయని మీ పెదనాయన చెప్పారు. వచ్చిన రోజు సాయంత్రం గుడికి పోయి పిల్లలకు అది చూపించండి. మర్నాడు పాతాళగంగ ముందు నిలబడ్డప్పుడు ఆ బుగ్గను గుర్తు చేస్తే చాలు, మిగతా ప్రశ్నలు వాళ్ళే అడుగుతారు. మనం ఈ చేలల్లో చల్లే మందులు, గుంతల్లో పడేసే చెత్త ఎక్కడికి పోతాయో కూడా అడుగుతారు. దాచకుండా చెప్పు.

చీకటి గురించి. ఒకసారి ఇలాంటి గుహలోనే, ఎక్కడనేది వదిలెయ్, నలభై మంది పిల్లలతో లోపల ఉండగా దీపాలు పోయాయి. ఆ చీకటి మన ఇంట్లో కరెంటు పోయినప్పటి చీకటిలా ఉండదు, కళ్ళు తెరిచినా మూసినా ఒక్కటే. పిల్లలు ఏడుపు మొదలుపెట్టారు. ఒకడు పరుగెత్తబోయాడు, చొక్కా పట్టుకుని ఆపాను. "ఎవరూ కదలొద్దు, ఉన్నచోటే కూర్చోండి, పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోండి, పదమూడో ఎక్కం అందరూ గట్టిగా చెప్పండి" అన్నాను. గొంతులు కలిసేసరికి ఏడుపు ఆగింది. ఎక్కం అయిపోయింది, దీపాలు రాలేదు. అప్పుడు ఒక నిమిషం ఎవరూ మాట్లాడకుండా వినమన్నాను. ఎక్కడో దూరంగా టప్ మని ఒక చుక్క పడింది. చాలాసేపటికి ఇంకొకటి. ఈలోగా జనరేటర్ వేశారు. బయటికి వచ్చాక ఆ పిల్లలు దేని గురించి మాట్లాడుకున్నారో తెలుసా, ఆ చుక్క గురించి. అప్పటి నుంచి ప్రతిసారీ జనం లేని గదిలో పిల్లల్ని కూర్చోబెట్టి, టార్చీలు ఆర్పించి, ఒక్క నిమిషం మౌనంగా ఉంచుతాను. నువ్వూ చెయ్యి. ఫోన్లు కూడా జేబుల్లోనే. ఇక టార్చి మాత్రం ఒకటి కాదు, ఇద్దరి దగ్గర ఒక్కోటి ఉండాలి. ఫోన్ లైటును నమ్ముకోవద్దు, ఫోటోలతో దాని చార్జింగ్ ముందే అయిపోతుంది. చిన్నదాని చెయ్యి ఎవరో ఒకరు పట్టుకునే ఉండాలి, గీత గీసినట్టు చెప్తున్నా. తాళ్ళు కట్టి మూసిన దారుల వైపు, "ఒక్క ఫోటో" అంటూ అల్లుడు కూడా పోకూడదు.

దీపాల దగ్గర రాయి మీద పచ్చటి పాచి కనపడితే పిల్లలకు చూపించు. లోపల ఎండ లేదు కదా, మొక్క జాతి ఏదీ బతకకూడదు, కానీ మనం పెట్టిన లైటే దానికి ఎండ అయింది. నాకైతే ఆ ఎర్ర లైట్లు, నీలం లైట్లు నచ్చవు. రాయికి దాని రంగు ఉంది, బూడిద, నలుపు, తేనె రంగు, మామూలు టార్చి వెలుగులో ఎంత బాగుంటుందో.

బొర్రా గుహల వీడియోలు చూసి పిల్లలు అలాంటిదే ఉంటుందని అనుకుంటారేమో, ముందే చెప్పి ఉంచు. అరకు దారిలో అనంతగిరి కొండల్లో ఉన్న బొర్రా వేరే లోకం. అది పెద్ద మండపం లాంటిది, తల ఎత్తితే మెడ నొప్పి పుట్టేంత ఎత్తు. బెలుం పొడుగాటి సందులు, మలుపులు, ఉన్నట్టుండి విప్పుకునే గదులు. నేనూ మీ పెదనాయనా విశాఖ నుంచి కిరండూల్ రైల్లో బొర్రాకు పోయినప్పుడు, వానలు వెనకపట్టిన రోజులు, లోపల ప్రతి ఊడ చివరా తడి. పుల్ల కంటే సన్నని ఊడ ఒకటి నా ముఖానికి ఎదురుగా ఉంది. దాని కొసన బొట్టు ఉబ్బి, ఉబ్బి, వెనక టార్చి వెలుగు పడి లోపల గుహ అంతా తలకిందులుగా కనపడుతోంది, అందులో మీ పెదనాయన కూడా తలకిందులుగా ఉన్నారు. పడుతుంది పడుతుంది అని నిలబడ్డాం. తొంభై దాకా లెక్కపెట్టాను. పడింది. వెంటనే ఇంకోటి ఊరడం మొదలైంది. మా వెనక వచ్చిన బృందం ఈలోగా గుహంతా చూసేసి పైకి పోయింది. నాకు ఆ రోజు చూసినవాటిలో ఆ ఒక్క బొట్టే బాగా గుర్తుంది. బెలుంలో అంత తడి ఉండదు, అయినా ఏదో ఒక కొసన ఒక బొట్టు దొరుకుతుంది, వెతకమని పెద్దోడికి పని పెట్టు.

మధ్యాహ్నం ఒంటిగంటకల్లా పైకి వచ్చేయండి. రాగానే చల్లటి నీళ్ళు గటగటా తాగనివ్వకు, నీడలో చెమట ఆరాలి. భోజనానికి అక్కడ టూరిజం వాళ్ళ హోటల్ ఉంది కానీ, నేను పులిహోర, పెరుగన్నం కట్టించి తెస్తా. పొద్దున్న మాత్రం కడుపు నిండా తినొద్దు, ఉగ్గాని, రెండు బజ్జీలు చాలు. ఏడున్నరకే చేసి పెడతాను, తొమ్మిదికి బండి కదలాలి. టార్చి సెల్లులు ఇక్కడే కొని ఉంచాను, మీరు కొనొద్దు. నిమ్మకాయలు కూడా ఉన్నాయి.

మీ అత్తగారికి నమస్కారాలు చెప్పు. ఏ రోజు వస్తున్నారో రెండు రోజుల ముందు ఫోన్ చెయ్యి, రైలుకైతే స్టేషన్‌కు మనిషిని పంపిస్తా.

మీ పెద్దమ్మ